28 మంది కొత్త ఆఫీసర్లు కావాలన్నారు: ఒంటారియోలో ఒక పోలీస్ బోర్డు కేస్ స్టడీ

ఇది కెనడాలో, దక్షిణ ఒంటారియోలో ఒక మధ్యరకం సిటీ కేసు. సిటీ పేరు చెప్పను, ఏ సంవత్సరమో సరిగ్గా చెప్పను, మనుషుల సంఖ్యలు, శాతాలు కొద్దిగా మార్చాను, అయినా లెక్క నడిచిన తీరు మాత్రం జరిగింది జరిగినట్టే ఉంటుంది. నేను అక్కడ పోలీస్ బోర్డు ఆఫీసులో పాలసీ అనలిస్ట్‌ని, బడ్జెట్ కూడా నేనే చూసేదాన్ని. బోర్డు ఆఫీసు అంటే ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్ గారు, నేను, వారానికి మూడు రోజులు వచ్చే ఒక అడ్మిన్, అంతే. మా ముందు వంద మిలియన్ డాలర్లు దాటిన పోలీస్ బడ్జెట్, దాన్ని తయారు చేసే ఫైనాన్స్ టీమ్ మొత్తం పోలీస్ చీఫ్ కింద. తర్వాత జరిగిన చాలా వాటికి మూలం ఈ తేడాయే.

ఇప్పుడు రాయడానికి కారణం గుడిలో ఒక తమ్ముడు అడిగిన మాట. "అక్కా, డ్రైవ్‌వేలో ఉన్న కారు రాత్రికి రాత్రి ఎత్తుకుపోయారు, ఫోన్ చేస్తే ఆన్‌లైన్‌లో రిపోర్ట్ పెట్టుకోమన్నారు, ప్రాపర్టీ ట్యాక్స్ మాత్రం ఏటా పెరుగుతూనే ఉంది, పోలీసులకే ఎక్కువ పోతోందంటున్నారు, మరి ఆ డబ్బంతా ఎటు పోతోంది?" ప్రసాదం లైన్లో నిలబడి రెండు ముక్కల్లో చెప్పగలిగేది కాదు కాబట్టి తర్వాత చెప్తాలే అన్నాను, ఇదిగో ఇదే ఆ జవాబు.

నేపథ్యం

మన ఆంధ్రాలో, తెలంగాణలో పోలీసు రాష్ట్ర ప్రభుత్వం కింద ఉంటుంది, మున్సిపాలిటీకి కట్టే ఇంటి పన్నుకీ స్టేషన్లో కానిస్టేబుల్ జీతానికీ సంబంధం లేదు. ఇక్కడ అలా కాదు, సిటీ పోలీసుకి జీతం ఇచ్చేది సిటీ, అది ఎక్కువ భాగం ప్రాపర్టీ ట్యాక్స్ నుంచే. పైగా ఒంటారియోలో మున్సిపాలిటీలు రోజువారీ ఖర్చులకి లోటు బడ్జెట్ వేసుకోడానికి లేదు, కాబట్టి పోలీస్ ఖర్చు పెరిగితే రెండే దారులు, పన్ను పెంచాలి, లేదా లైబ్రరీయో బస్సో పార్కో ఎక్కడో ఒక చోట తగ్గించాలి. ఇది మా ఒక్క ఊరి బాధ కాదు, టొరంటో పక్కన మనవాళ్ళు ఎక్కువగా ఉండే పీల్ రీజియన్‌లో 2025కి పోలీస్ బడ్జెట్ ఒక్క ఏడాదిలో 23.3 శాతం పెరిగింది.

కౌన్సిల్‌కీ పోలీసుకీ మధ్యలో బోర్డు ఉంటుంది. మేయర్ నేరుగా చీఫ్‌కి ఫోన్ చేసి ఫలానావాణ్ణి పట్టుకో, ఫలానావాణ్ణి వదిలెయ్ అనకుండా ఉండటానికి పెట్టుకున్న ఏర్పాటు ఇది. మా బోర్డులో ఏడుగురు, మేయర్, ఇద్దరు కౌన్సిలర్లు, కౌన్సిల్ వేసిన ఒక మామూలు పౌరుడు, ప్రావిన్స్, అంటే మన రాష్ట్ర ప్రభుత్వం లాంటిది, వేసిన ముగ్గురు. చీఫ్‌ని వేసుకునేది బోర్డు, పాలసీలు రాసేది బోర్డు, చట్టం ప్రకారం పోలీసులకి యజమాని కూడా బోర్డే, యూనియన్ లాంటి పోలీస్ అసోసియేషన్‌తో జీతాల ఒప్పందం మీద సంతకం పెట్టేది బోర్డే. బడ్జెట్ అంచనా కౌన్సిల్‌కి పంపేది కూడా బోర్డే. కౌన్సిల్ మొత్తం అంకె మాత్రమే ఖాయం చేస్తుంది, లోపలికెళ్ళి ఈ లైన్ కొట్టెయ్, ఆ పోస్టు తీసెయ్ అనే అధికారం దానికి లేదు. ఇచ్చింది సరిపోదని బోర్డు అనుకుంటే కన్సిలియేషన్‌కో (రాజీ కుదిర్చే చర్చ) ఆర్బిట్రేషన్‌కో (మధ్యవర్తి ఇచ్చే తీర్పు) వెళ్ళొచ్చు. ఇదంతా 1990 నాటి పోలీస్ సర్వీసెస్ యాక్ట్‌లో ఒకలా ఉండేది, 2024 ఏప్రిల్ 1 నుంచి కమ్యూనిటీ సేఫ్టీ అండ్ పోలీసింగ్ యాక్ట్ వచ్చి కొంచెం మారింది, మా కేసు పాత చట్టంలో మొదలై కొత్త చట్టంలో ముగిసింది.

కౌన్సిల్ కాదంటే ఏమవుతుందో చూడాలంటే రెండు ఉదాహరణలు చాలు. వాంకూవర్‌లో కౌన్సిల్ 2021 పోలీస్ బడ్జెట్‌లో ఒప్పుకోని 5.7 మిలియన్ డాలర్లని 2022 మార్చిలో ప్రావిన్స్ డైరెక్టర్ ఆఫ్ పోలీస్ సర్వీసెస్ తిరిగి ఇప్పించారు. టొరంటోలో 2024లో పోలీసు అడిగినదానికీ సిటీ స్టాఫ్ ఇస్తామన్నదానికీ 12.6 మిలియన్ల తేడా వచ్చింది, బడ్జెట్ వంద కోట్ల డాలర్లు దాటింది కాబట్టి శాతంలో చూస్తే చిన్నదే, అయినా కొన్ని వారాల పాటు ఊరంతా అదే గొడవ, చివరికి మేయర్ ఆ మొత్తం ఇచ్చేశారు. మా మెంబర్లు ఈ రెండూ చూసి ఒకే మాట అనుకునేవాళ్ళు, ఎలాగూ చివరికి ఇవ్వాల్సిందే కదా, మరి మనం ఇక్కడ కూర్చుని చేసేదేంటి అని.

సమస్య

మొదటి ఏడాది అక్టోబర్లో చీఫ్ ఆఫీసు నుంచి బడ్జెట్ వచ్చింది, 11 శాతం పెంపు, అందులో 28 మంది కొత్త ఆఫీసర్లు. స్లైడ్లలో ఊరి జనాభా పెరిగింది, 911 కాల్స్ పెరిగాయి, కార్ల దొంగతనాలు, మన దక్షిణాసియా వ్యాపారస్తులకి వస్తున్న బెదిరింపు ఫోన్లు, అన్నీ ఉన్నాయి, అవన్నీ నిజాలే. బోర్డు చేతికి పేపర్లు వచ్చింది శుక్రవారం సాయంత్రం, మీటింగ్ మంగళవారం. మెంబర్లు ఉద్యోగాలు చేసుకుంటూ నెలకి ఒకసారి వచ్చేవాళ్ళు, మూడు రోజుల్లో అంత పుస్తకం చదివి ప్రశ్న అడగడం ఎవరి వల్ల అవుతుంది, ఆ మీటింగులో అడిగిన ప్రశ్నల్లో సగం పైగా కొత్త డ్రోన్ గురించే.

బోర్డు చెయ్యాల్సింది రెండు పనులు, ఊరికి సరిపడా పోలీసు ఉండేలా చూడటం, ప్రజల డబ్బు ఎటు పోతోందో చూడటం. రెండో పని అంకె తయారైపోయాక మొదలుపెడుతున్నాం, నాకు అప్పట్లో ఆ సంగతి అర్థం కాలేదు.

మొదట చేసినవి

ముందు చేసింది లిమిట్ పెట్టడం. కౌన్సిలర్లు ఇద్దరూ 5 శాతం లోపల ఉండాలి అన్నారు, బోర్డు సరే అంది. ఎందుకు 5, ఎందుకు 6 కాదు అంటే కారణం ఏమీ లేదు, జనం ఒప్పుకునే అంకెలా అనిపించింది అంతే. పోలీస్ బడ్జెట్‌లో అత్యధిక భాగం జీతాలూ బెనిఫిట్లే, ఒంటారియోలో పోలీసులు సమ్మె చెయ్యడానికి లేదు కాబట్టి ఒప్పందం కుదరకపోతే ఆర్బిట్రేటర్ తేలుస్తారు, ఆయన పక్క సిటీల్లో ఫస్ట్ క్లాస్ కానిస్టేబుల్‌కి ఎంత ఇస్తున్నారో చూసి దానికి దగ్గరగా ఇస్తారు, ఒకళ్ళు పెంచితే మిగతావాళ్ళూ పెంచాల్సిందే, ఏ ఒక్క ఊరూ సొంతంగా ఆపగలిగేది కాదు. మా విషయంలో ఆ పెంపు ఒక్కటే దాదాపు 4 శాతం తినేసింది, అంటే 5 శాతం లిమిట్ పెట్టి మేము నిజంగా చేసింది మిగతా సర్వీసు అంతటికీ 1 శాతం ఇవ్వడం. ఆ విషయం లిమిట్ పెట్టే రోజు టేబుల్ మీద ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

మరి ఎక్కడో తగ్గించాలి కదా. రోడ్డు మీద పోలీసుని తగ్గించామంటే మర్నాడు పేపర్లో వస్తుంది, అందుకని యూనిఫారం లేని సివిలియన్ పోస్టులు చూశాం. రికార్డ్స్‌లో, కోర్టుకి కేసు ఫైళ్ళు తయారు చేసే డిస్‌క్లోజర్ యూనిట్‌లో 9 ఖాళీలు ఉన్నాయి, అవి నింపకుండా ఆపేస్తే ఎవరి ఉద్యోగమూ పోదు, ఫ్రంట్‌లైన్ ముట్టుకోలేదు అని చెప్పుకోవచ్చు. ఆ ఆప్షన్ల టేబుల్ తయారు చేసింది నేనే, ఈ ఆప్షన్ ఎదురుగా "సర్వీసు మీద ప్రభావం: తక్కువ" అని రాసింది కూడా నేనే. ఆ "తక్కువ" అనే మాట ఎవరినీ అడగకుండా రాశాను, డిస్‌క్లోజర్ యూనిట్ సూపర్‌వైజర్‌ని ఒక్కసారి కలిసి ఉంటే అలా రాసేదాన్ని కాదు.

ఎనిమిది నెలల్లో ఏం జరిగిందో చెప్తాను. కెనడాలో నేరం కేసు పెడితే పోలీసు దగ్గరున్న సంబంధిత ఆధారం అంతా డిఫెన్స్‌కి, అంటే నిందితుడి లాయర్‌కి ఇవ్వాలి, 1991 స్టించ్‌కోంబ్ తీర్పు నుంచి అది రూలు. 2016లో జోర్డన్ తీర్పు వచ్చాక గడువు కూడా వచ్చింది, ప్రావిన్షియల్ కోర్టులో 18 నెలలు, సుపీరియర్ కోర్టులో 30 నెలలు, అది దాటితే ఆలస్యం అన్యాయం అనే లెక్క, కేసు ఆగిపోవచ్చు. ఇప్పుడు దీనికి బాడీ కెమెరా కలపండి. ఒక గొడవకి నలుగురు ఆఫీసర్లు వెళ్తే నాలుగు వీడియోలు, ఒక్కోటి గంటో రెండు గంటలో, అందులో కేసుకి సంబంధం లేని పిల్లల మొహాలు, పక్కింటివాళ్ళ అడ్రసులు, ఎవరిదో హెల్త్ కార్డు నంబర్, అన్నీ చూసి చెరపాలి. ఆ పని చేసే క్లర్కులు లేరు కాబట్టి ఫైళ్ళు పేరుకుపోయాయి, క్రౌన్ ఆఫీసు (ప్రభుత్వ ప్రాసిక్యూటర్లు) నుంచి ఉత్తరాలు మొదలయ్యాయి, ఒక పెద్ద కేసు గడువు అంచుదాకా వచ్చింది. అప్పుడు చీఫ్ ఆఫీసు చెయ్యగలిగింది ఒక్కటే, కానిస్టేబుళ్ళని, కొన్ని వారాలు డిటెక్టివ్‌లని కూడా కంప్యూటర్ ముందు కూర్చోబెట్టడం, వాళ్ళ షిఫ్టులు నింపడానికి వేరేవాళ్ళకి ఓవర్‌టైమ్ ఇవ్వడం. ఏడాదికి లక్ష డాలర్లు దాటిన జీతం తీసుకునే మనిషి క్లర్క్ పని చేస్తున్నాడు, అతని చోట నిలబడినవాడికి గంటకి ఒకటిన్నర రెట్లు. ఏడాది చివర లెక్క చూస్తే 9 పోస్టుల మీద మిగిలినదానికంటే ఆ ఓవర్‌టైమే ఎక్కువైంది. బయట చూసేవాళ్ళకి మాత్రం పోలీసు ఓవర్‌టైమ్ అదుపు తప్పింది అనే కనపడింది, అదుపు తప్పించింది మేమే.

మధ్యలో ఒక కన్సల్టెంట్‌ని కూడా పెట్టాం. లక్ష జనాభాకి ఎంతమంది ఆఫీసర్లు అని పన్నెండు ఊళ్ళతో పోల్చి రిపోర్ట్ ఇచ్చారు, మేము సరిగ్గా మధ్యలో ఉన్నాం. చీఫ్ వైపువాళ్ళు మనం వెనకబడ్డాం అని చదివారు, కౌన్సిలర్లు మనకి సరిపోతుంది అని చదివారు, ఇద్దరికీ అదే పేజీ. ఆ రిపోర్ట్ గురించి ఇంతకంటే రాయడానికి ఏం లేదు.

తిరిగిన చోటు

రెండో ఏడాది అదే 28 మంది మళ్ళీ వచ్చారు, ఈసారి బోర్డు మొత్తం ఒప్పుకుని కౌన్సిల్‌కి పంపింది, కౌన్సిల్ మాత్రం చాలా తక్కువ ఇచ్చింది. ఆర్బిట్రేషన్‌కి వెళ్దామా అని బోర్డులో పెద్ద చర్చ. ప్రావిన్స్ వేసిన మెంబర్లు వెళ్దాం అన్నారు, వాళ్ళ వాదన కూడా తీసిపారేసేది కాదు, చట్టం బోర్డు మీద పెట్టిన బాధ్యత పోలీసు సరిపడా, సమర్థంగా ఉండేలా చూడటం, పన్ను తగ్గించడం కాదు కదా అన్నారు. సరే ముందు లాయర్‌ని అడుగుదాం అని కూర్చున్నాం. ఆవిడ ఫైలంతా తిరగేసి ఒకటే అడిగారు, "మీకు 300 మంది ఆఫీసర్లు ఉన్నారు అంటున్నారు, ఈ 300లో రోడ్డు మీదికి పంపగలిగేవాళ్ళు ఎంతమంది?"

బోర్డు వైపు ఎవరి దగ్గరా జవాబు లేదు. రెండేళ్ళుగా 28 మంది కావాలా వద్దా అని కొట్టుకుంటున్నాం, ఉన్నవాళ్ళు ఎంతమంది పనిలో ఉన్నారో ఒక్కరికీ తెలీదు. ఆర్బిట్రేటర్ ముందు ఇదే ప్రశ్న సిటీ లాయర్ అడిగితే మేము నిలబడలేం అని అక్కడికక్కడే అర్థమైంది, అందుకే ఆ ఏడాది వెళ్ళకూడదు అని తేల్చారు. నా ఉద్దేశంలో ఈ కేసు మొత్తంలో అన్నిటికంటే మంచి నిర్ణయం అదే, ఎందుకంటే వెళ్ళి గెలిచి ఉంటే డబ్బు వచ్చేది, ఆ ప్రశ్న అక్కడే సమాధి అయ్యేది.

ప్రశ్న చీఫ్‌కి పంపాం. జవాబు మర్యాదగానే వచ్చింది, ఎవరిని ఎక్కడ పెట్టాలన్నది ఆపరేషనల్ విషయం, బోర్డు అందులోకి రాకూడదు అని. ఈ "ఆపరేషనల్" అన్న మాట వింటే బోర్డు మెంబర్లు చాలామంది వెనక్కి తగ్గుతారు, కొత్తవాళ్ళయితే క్షమించండి అని కూడా అంటారు. మేము ఈసారి తగ్గలేదు, దానికి బలం ఇచ్చింది 2010లో టొరంటోలో జరిగిన జీ20 దేశాల సమావేశం తర్వాత వచ్చిన రివ్యూ. ఆ వారాంతంలో వెయ్యి మందికి పైగా జనాన్ని అరెస్ట్ చేశారు, దాని మీద టొరంటో పోలీస్ బోర్డు వేయించిన విచారణ చేసింది రిటైర్డ్ జడ్జి జాన్ మోర్డెన్ గారు, 2012లో రిపోర్ట్ ఇచ్చారు. అందులో ఆయన తేల్చింది ఏంటంటే పాలసీ మాది, ఆపరేషన్లు మీవి అని మధ్యలో గోడ కట్టేసుకుని బోర్డు తన పని తాను చెయ్యలేకపోయింది, ఆపరేషన్ల గురించి అడగడం, తెలుసుకోవడం, తన అభిప్రాయం చెప్పడం బోర్డు పనే. ఫలానా కేసు ఇలా దర్యాప్తు చెయ్ అని చెప్పడం తప్పు, కొత్త చట్టంలో కూడా ఫలానా దర్యాప్తు, ఫలానా ఆపరేషన్ విషయంలో బోర్డు ఆదేశం ఇవ్వకూడదని స్పష్టంగా ఉంది. అడగడం వేరు, ఆదేశించడం వేరు. మేము అడిగింది ఏ కారు ఏ వీధిలో ఉందని కాదు, డబ్బు కట్టే 300 మందిలో ఎంతమంది డ్యూటీ చెయ్యగలరు అని, అది యజమాని అడగాల్సిన ప్రశ్నే.

అయినా దీన్ని గొడవలా చెయ్యకూడదని మా డైరెక్టర్ గారు పట్టుబట్టారు, ఆవిడ మాట వినడం మంచిదయింది. ఉత్తరాల మీద ఉత్తరాలు రాయకుండా ఒక పాలసీ రాసి బోర్డు చేత పాస్ చేయించాం, ప్రతి మూడు నెలలకీ చీఫ్ ఒక పేజీ రిపోర్ట్ ఇవ్వాలి, మంజూరైన పోస్టులు ఎన్ని, అందులో పనిలో ఉన్నవాళ్ళు ఎంతమంది, లేనివాళ్ళు ఏ రకం కారణంతో లేరు, ఖాళీ నింపడానికి ఓవర్‌టైమ్ ఎంత. పాలసీ అయితే మేయర్ మారినా చీఫ్ మారినా ఉంటుంది, ఒక మనిషి అడిగిన ప్రశ్న అయితే ఆ మనిషితోపాటే పోతుంది.

ఇక్కడ పోలీస్ అసోసియేషన్ ప్రెసిడెంట్ అడ్డం చెప్పారు, ఆయన భయం న్యాయమైనది. సెలవులో ఉన్నవాళ్ళ మీద బోర్డు కన్ను పడితే జబ్బు తగ్గకముందే రమ్మని ఒత్తిడి వస్తుంది అన్నారు. అందుకని పేర్లు ఉండవు, జబ్బు ఏంటో ఉండదు, ఏ వరసలోనైనా ఐదుగురికంటే తక్కువ ఉంటే అంకె చూపించం, ఎవరు ఎప్పుడు రావాలన్నది వైద్యం చేసేవాళ్ళే చెప్తారు, ఇవన్నీ పాలసీలోనే రాశాం. ఇలా రాయడానికి రెండు నెలలు పట్టింది, అది దండగ కాదు.

పేజీలో ఏముంది

మొదటి రిపోర్ట్ వచ్చిన రోజు మెంబర్లు చాలాసేపు మాట్లాడలేదు. 300 మందిలో 31 మంది దీర్ఘకాలం సెలవులో, ఎక్కువమంది మానసిక గాయం వల్ల. 9 మంది పిల్లలు పుట్టిన సెలవులో. 22 మంది పనికి వస్తున్నారు గానీ రోడ్డు మీదికి వెళ్ళకూడదని డాక్టర్ చెప్పినవాళ్ళు. 10 మంది ఇంకా ఏల్మర్‌లో ఒంటారియో పోలీస్ కాలేజీలోనో కోచ్ ఆఫీసర్ పక్కనో శిక్షణలో. ఇంకొందరు వేరే కారణాలతో, మొత్తానికి 226 మంది మిగిలారు. ఆ 226లో డిటెక్టివ్‌లు, స్కూళ్ళకి వెళ్ళేవాళ్ళు, కోర్టు సెక్యూరిటీ చూసేవాళ్ళు పోగా ఒక రాత్రి షిఫ్టుకి కార్లలో ఉండేది ఎంతమందో నేను రాయను, గుడిలో తమ్ముడి కారు పోయిన లాంటి రాత్రి ఎవరూ ఎందుకు రారో మాత్రం నాకు అప్పుడు తెలిసింది.

ఆ 31 మంది సంగతి కొంచెం చెప్పాలి. 2016లో ఒంటారియో చట్టం మార్చి, పోలీసు, ఫైర్, పారామెడిక్ లాంటివాళ్ళకి పీటీఎస్‌డీ (భయంకరమైన ఘటనల వల్ల అయ్యే మానసిక గాయం) వస్తే అది ఉద్యోగం వల్లే వచ్చిందని ముందే ఒప్పుకునేలా చేశారు, అంటే కాదు అని నిరూపించాల్సింది యజమాని. అది చాలా మంచి మార్పు, అంతకుముందు ఆ మనుషులు చిన్నపిల్లల శవాలు చూసి వచ్చి, నిద్రపట్టక, దానికి కారణం ఉద్యోగమే అని మళ్ళీ పరిహారం తేల్చేవాళ్ళ ముందు రుజువు చేసుకోవాల్సి వచ్చేది. కానీ ఉద్యోగంలో అయ్యే గాయాల ఇన్సూరెన్స్‌లో మా సిటీ షెడ్యూల్ 2 అనే వర్గం కిందికి వస్తుంది, ఇన్సూరెన్స్ ప్రీమియం కట్టి వదిలెయ్యడం కాదు, ప్రతి క్లెయిమ్ ఖర్చూ నేరుగా సిటీయే భరించాలి. అంటే ఇంట్లో ఉన్న మనిషికి పూర్తి ఖర్చు, అతని చోట ఓవర్‌టైమ్ చేసేవాడికి ఒకటిన్నర రెట్లు, ఆ ఓవర్‌టైమ్ చేసి చేసి అలసిపోయి రెండేళ్ళకి ఇతను కూడా సెలవులోకి. 28 మంది కావాలని అడగడం వెనక ఉన్నది ఇదే. జనాభా పెరగడం అబద్ధం కాదు గానీ, ఆ కోరిక పుట్టింది మాత్రం ఈ గుంతలోంచి.

అప్పుడు ప్రశ్న మారింది, 28 మందిని ఇవ్వాలా వద్దా కాదు, ఈ గుంతని ఏ రకంగా పూడ్చాలి అని. ఒక ఆఫీసర్‌ని తీసుకుంటే అది పాతిక ముప్పై ఏళ్ళ ఖర్చు, పెన్షన్ కాంట్రిబ్యూషన్‌తో సహా, పైగా ఇవాళ డబ్బిచ్చినా రోడ్డు మీదికి రావడానికి ఏడాది దాకా పడుతుంది. సెలవులో ఉన్నవాళ్ళలో కొందరు కోలుకుని వస్తే రెండూ కలిపి మోయాలి. అలాగని ఏమీ ఇవ్వకపోతే ఉన్నవాళ్ళు ఇంకా పడిపోతారు. చీఫ్ గారు ఈ చర్చలో చాలా నిజాయితీగా ఉన్నారు, ఆయన్ని రెండేళ్ళు మేము ప్రత్యర్థిలా చూశాం, నిజానికి ఆయన చేతిలో అడగడానికి ఉన్న ఒకే పనిముట్టు కొత్త పోస్టులు అడగడం, బోర్డు ఇంకేదీ అడగనివ్వలేదు.

చేసింది ఏంటంటే, 14 మందిని పర్మనెంట్‌గా ఇచ్చాం. ఇంకో 6 మందిని రాబోయే రిటైర్‌మెంట్లకి బదులుగా ముందే తీసుకునేలా, అంటే సంఖ్య తాత్కాలికంగా ఎక్కువైనా రెండేళ్ళలో దానంతట అదే సర్దుకునేలా పెట్టాం. కోర్టు సెక్యూరిటీలో ఉన్న 8 మంది ఆఫీసర్లని వెనక్కి తెచ్చి వాళ్ళ చోట స్పెషల్ కానిస్టేబుళ్ళని (పరిమిత అధికారాలే ఉండేవాళ్ళు) పెట్టాం, ఈ కోర్టు కాపలా మున్సిపాలిటీల మీదే ఉంది, ప్రావిన్స్ అప్పట్లో అందరికీ కలిపి ఏడాదికి 125 మిలియన్ డాలర్ల దాకా పంచేది గానీ మా ఖర్చంతా దాంట్లో తీరలేదు. 14, 6, 8 కలిపితే 28, ఇది తెలిసి చేసింది కాదు, లెక్క తేలాక చూస్తే అలా వచ్చింది. ఆపేసిన 9 సివిలియన్ పోస్టులు నింపాం, ఇంకో రెండు కలిపాం. సర్వీసు లోపలే ఒక సైకాలజిస్ట్, సెలవులో ఉన్నవాళ్ళతో క్రమం తప్పకుండా మాట్లాడే ఒక కోఆర్డినేటర్. ఈ చివరి రెండిటికి అయిన ఖర్చు మొత్తం బడ్జెట్‌లో కంటికి కనపడనంత చిన్నది, దీని కోసమే ఎక్కువ వాదించాల్సి వచ్చింది.

ఏం తేలింది

ఖర్చు తగ్గలేదు, ముందే చెప్తున్నాను. ఆ ఏడాది పెంపు 7 శాతం దగ్గర, మరుసటి ఏడాది 6, అందులో సగం పైగా జీతాల ఒప్పందానిదే. తగ్గింది ఓవర్‌టైమ్, అది కూడా రెండో ఏడాదిలో. డిస్‌క్లోజర్ ఫైళ్ళ కుప్ప ఆరు నెలల్లో కరిగింది. 31 మందిలో 13 మంది తిరిగి వచ్చారు, కొందరు రోడ్డు మీదికి కాదు, ట్రైనింగ్‌లోకి, ఇన్వెస్టిగేషన్ సపోర్ట్‌లోకి. 6 మంది ఉద్యోగం వదిలేశారు. మిగతావాళ్ళు ఇంకా సెలవులోనే, వాళ్ళతోపాటు కొత్తగా వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. కౌన్సిల్‌తో గొడవ మాత్రం దాదాపు పోయింది, అంకె చిన్నదని కాదు, ఎందుకు అంతో ఒక పేజీలో కనపడుతోంది కాబట్టి.

నేర్చుకున్నవి

బడ్జెట్ మీద పర్యవేక్షణ అక్టోబర్లో మొదలైతే అది సంతకం పెట్టడమే. ఇప్పుడు మేము మార్చిలో మొదలుపెడతాం, అంకెలు ఇంకా పుట్టకముందు, ఏది చట్టం వల్ల కట్టాలి, ఏది ఒప్పందం వల్ల కట్టాలి, ఏది ఈ ఏడాది నిజంగా మన చేతిలో ఉంది అని మూడు కుప్పలు చేసుకుంటాం. మొదటిసారి చేసినప్పుడు మూడో కుప్ప ఎంత చిన్నదో చూసి కౌన్సిలర్లు ఆశ్చర్యపోయారు, లిమిట్ పెట్టిన ఏడాది మేమంతా కొట్టుకున్నది ఆ చిన్న కుప్ప కోసమే.

సివిలియన్ పోస్టు కొట్టడం తేలిక అనిపిస్తే ఆగి ఆ పని ఇప్పుడు ఎవరు చేస్తారు, వాళ్ళ గంట ఖరీదెంత అని అడగాలి. పోలీసు ఖర్చు తగ్గాలని గట్టిగా కోరుకునేవాళ్ళే చాలాసార్లు ఈ పొరపాటు చేస్తారు, నేను చేశాను.

బోర్డు సొంత ఆఫీసు సంగతి కూడా. సమాచారమంతా చీఫ్ కింద ఉండి, దాన్ని చదివే మనిషి బోర్డు దగ్గర లేకపోతే చట్టంలో ఎన్ని అధికారాలు రాసినా అవి కాగితం మీదే. కొత్త చట్టంతో ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫ్ పోలీసింగ్ వచ్చారు, బోర్డులు తమ పని చేస్తున్నాయా లేదా అని కూడా ఆయన చూస్తారు, అది మంచిదే, కానీ ఆయన టొరంటో నుంచి వచ్చి మా 300లో ఎంతమంది పనిలో ఉన్నారో మా తరఫున అడగరు. బోర్డు ఆఫీసుకి ఇంకో అనలిస్ట్ పోస్టు రెండేళ్ళుగా అడుగుతున్నాం, పోలీస్ ఖర్చు పెరుగుతుంటే మీరు కూడా పెంచుతారా అనే మాటతో అది రెండుసార్లూ వెనక్కి వచ్చింది.

మొన్న బడ్జెట్‌కి ముందు మళ్ళీ ఒక ప్రతిపాదన వచ్చింది. నెక్స్ట్ జనరేషన్ 911కి, అంటే కొత్త డిజిటల్ 911 వ్యవస్థకి, అన్ని ఊళ్ళూ మారాలి, టెలికాం నియంత్రణ సంస్థ సీఆర్‌టీసీ గడువు 2025 మార్చి నుంచి 2027 మార్చి 31కి జరిపింది, పరికరాల ఖర్చు పెద్దది, కాబట్టి ఈ ఏడాది కాల్ సెంటర్లో ఖాళీగా ఉన్న కమ్యూనికేటర్ పోస్టులు, అవి కూడా సివిలియన్ పోస్టులే, నింపకుండా ఆపుదాం అన్నారు. నేను పాత టేబుల్ తీసుకెళ్ళాను, "ప్రభావం: తక్కువ" అని నేను రాసిన ఆ టేబులే, దాని పక్కన ఆ ఏడాది ఓవర్‌టైమ్ కాగితం పెట్టాను. రెండు గంటలు మాట్లాడుకున్నారు. 4-3 ఓటుతో ఖాళీలు నింపాలనే తేలింది.